ఇక్కడ గూడ్సు

పక్క తెర వెనక స్టూలు మీద
ముప్పై ఏండ్లు కూర్చున్నోణ్ణి నేను.
ఒళ్ళో నోటు పుస్తకం, చేతిలో బ్యాటరీ లైటు.
ఆటలో ఉన్న హుసేనప్ప మొగాన్ని
ఎదురుగా ఎప్పుడూ చూళ్లేదు.
నాకు తెలిసిందంతా
ఒక ఎడమ చెవి,
దాని కింద చెమటతో కారే అర్దళం,
అద్దె కిరీటం జారకుండా కట్టిన నల్లదారం.

పగలు గుంతకల్లు యార్డులో పాయింట్స్‌మన్.
రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టేజీ మీద రాజు.
రాజంటే పెద్ద రాజేం కాదు,
రెండో అంకంలో ఓడిపోయే రాజు.
ఆ ఓడేది చూడ్డానికే
డోన్ నుంచి, తాడిపత్రి నుంచి
పాసుల మీద వచ్చేవాళ్లు జనం.

గుట్టు చెప్తా వినండి.
పదీ నలభైకి బొగ్గు గూడ్సు పోతుంది
ఇన్‌స్టిట్యూట్ గోడ పక్కనే.
యాభై ఎనిమిది డబ్బాలు.
మొదటి ఆటలో, ఆ మోతకు మాట మునిగిపోతుందని
నోటిదాకా వచ్చింది ఆపి
అట్లే నిలబడినాడు, కత్తి మొన నేలకానిచ్చి.
డబ్బాలు పోతానే ఉండాయి.
నేను అందిస్తానే ఉన్నా,
"చెప్పబ్బా, చెప్పు" అని.
చెవి కదల్లేదు.
బ్రేకువ్యాను దాటినాంక
చానా మెల్లగా
"ఇంక నాదేముంది" అన్నాడు.
అది నా పుస్తకంలో లేని మాట.
ముందు బెంచీలో లోకో ఫోర్‌మన్ భార్య
కొంగు నోట్లో కుక్కుకునింది.

మరుసటి ఆటకు ముందే
మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నా:
ఇక్కడ గూడ్సు.

గూడ్సు లేటైన రాత్రులూ ఉండాయి.
ఎవరూ ఒన్స్‌మోర్ అనకపోయినా
అదే పద్యం మూడుసార్లు ఎత్తుకున్నాడు.
హార్మోనియం వెంకటస్వామి నా పక్కకు తిరిగి
"సిగ్నలివ్వలేదా మీవోళ్లు" అని పళ్లు నూరినాడు.

రైలు లేని ఊళ్లలో కూడా ఆగేవాడు.
ఉరవకొండ పోటీల్లో, బడి ఆవరణలో,
మిణుగురు ఎగిరినా వినపడేంత నిశ్శబ్దంలో
కత్తి దించి నిలబడినాడు.
జడ్జీలు గడియారం చూసుకున్నారు.
నేను మాత్రం లెక్కపెట్టినా.
లోపల పోతాండాయి డబ్బాలు,
యాభై ఎనిమిది, ఒక్కటీ తగ్గకుండా.

రిటైరైనాంక హైదరాబాద్ నుంచి పిలుపు.
సీరియల్లో తాత వేషం, మూడు మాటలు.
మొదటి మాటకు ముందే ఆగినాడు.
"పెద్దాయనా, గ్యాప్ ఇయ్యొద్దు" అన్నాడు
మనవడి ఈడు పిల్లోడు.
ఆరు టేకులు. భోజనాల టైము దాటింది.
సాయంత్రానికి కథ మారింది,
తాత చచ్చిపోయినాడు.
ఒక ఫొటో తీసుకుని,
రోజున్నర బేటా ఇచ్చి బస్సెక్కించినారు.

ఆ ఫొటోకు దండేసి
అత్త సోఫా వెనక గోడకు తగిలించినారు.
నాలుగేండ్లు ఆడింది సీరియలు.
కోడళ్లు మారినారు, సోఫా మారింది,
ఒక కొడుకు పాత్రకు మనిషే మారినాడు.
తాత మారలే.
కూరగాయల మార్కెట్లో టమేటాలామె
"గోడమీద తాత నువ్వే కదా సామీ" అని
రెండు కాయలు ఎక్కువేసింది.
రాజుగా ఉన్నన్నాళ్లూ
వంకాయ కూడా కొసరు రాలేదు.

మాబున్నికి మాత్రం దడ.
"బతికుండే మనిషికి దండేంది" అని
శుక్రవారం శుక్రవారం ఉప్పూ మిరపకాయలూ
ఆయన చుట్టూ మూడుమాట్లు తిప్పి
టీవీకి కూడా తిప్పి పొయ్యిలో వేసేది.
ఆయన నవ్వేవాడు,
"పాయింటు కాడ డ్యూటీ మాదిరే లేవే,
కదలకుంటే చాలు."

నిన్న రాత్రి వాళ్లింట్లో కూర్చున్నా.
ఆటలో ఉన్న ఆ మొగం
ఎదురుగా చూడ్డం నాకు అక్కడే, టీవీలోనే.
కుడి కనుబొమ మీద చిన్న గాటుంది.
ముప్పై ఏండ్లలో నాకు తెలీదు.

గూడ్సు వచ్చింది.
కోడళ్ల ఏడుపు మునిగిపోయింది,
అత్త నోరు ఊరికే ఆడుతాంది.
దండలో నుంచి పటం ఒక్కటే
నటిస్తాంది.
అలవాటు కొద్దీ గొణిగినా,
"చెప్పబ్బా, చెప్పు."
పక్క కుర్చీలో
ఎడమ చెవి కదల్లేదు.